నేమా కిమారో ప్రవర్తన

కాకినాడ, రామారావుపేట,
12 ఆగస్టు 1979.

మద్రాసులోని విదేశీ విద్యార్థుల ఉపకారవేతనాల అధికారి శ్రీ జగన్నాథరావుగారికి గ్రంధి నాగరత్నం నమస్కారాలు.

మన ప్రభుత్వం ఇచ్చే ఉపకారవేతనం మీద టాంజానియా దేశం నుంచి డాక్టరు చదువుకు వచ్చిన నేమా కిమారో అనే అమ్మాయి, ఆడపిల్లల హాస్టల్లో చోటు లేక, మా మేడ మీది గదిలో దిగింది. ఆ అమ్మాయికి స్థానిక సంరక్షకురాలిగా ఉండమని మీరు కోరారు. ఉంటాను. వచ్చి పది రోజులే అయినా పిల్ల ఎలాంటిదో రాయమన్నారు కనుక రాస్తున్నాను.

బంగారం లాంటి పిల్ల. ఇంత తెలివైన పిల్లను నేను ఈ వీధిలో చూడలేదు. పక్క మడిచి గాని గది దాటదు. మా ఇంట్లో మాంసం వండరని ఒక్కసారి చెప్పాను, రెండోసారి చెప్పవలసిన పని లేకపోయింది. కొత్తావకాయ వడ్డిస్తే కళ్ళు తుడుచుకుంటూనే ముద్ద మిగల్చకుండా తిన్నది. తెలుగు ఎంత తొందరగా పట్టుకుంటోందంటే, కూరలవాడు ధర ఎక్కువ చెబితే ఇప్పటికే నొచ్చుకుంటోంది. ఈ పిల్లను కన్నతల్లి అదృష్టవంతురాలు. ఎంపిక చేసిన మీ కార్యాలయాన్ని అభినందించాలి.

ఇట్లు,
గ్రంధి నాగరత్నం

తా.క. తిరుగు టపాకు మీరు రెండు స్టాంపులు పంపారు. ఒకటి సరిపోయింది. రెండోది ఇందులో పెట్టాను. ముట్టినట్టు తెలియజేయగలరు.


కాకినాడ,
20 జనవరి 1980.

శ్రీ జగన్నాథరావుగారికి నమస్కారాలు.

అర్ధసంవత్సరపు రిపోర్టు కోసం మీరు పంపిన ప్రశ్నలకు జవాబులు ఇవి. చదువు ఎలా ఉందని అడిగారు. ఏదో చదువుతోంది. తెలివితేటలు మామూలు. ప్రవర్తన గురించి చెప్పుకోదగ్గది లేదు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు, పుల్లలా అయిపోయింది. కూరలు తరుగుతానని వంటింట్లోకి వస్తుంది, ఆ తరగడం చూడలేం.

మేడ మీద మంచం కింద చెక్కపెట్టెలో మనిషి ఎముకలు పెట్టుకుంది. భోజనాలయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో ఎముకా నా చేతికిచ్చి పాఠం అప్పజెబుతుంది. నేను పుస్తకం చూసి తప్పులు పట్టాలి. నా నడుం పడిపోతోంది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఇట్లు,
గ్రంధి నాగరత్నం

తా.క. ప్రతి శనివారం తలంటడం కూడా నా పనే. తనకు చేతకాదంటుంది. ఇది కూడా నమోదు చేసుకోండి.


మద్రాసు,
30 ఫిబ్రవరి 1980.

గౌరవనీయులైన నాగరత్నంగారికి జగన్నాథరావు నమస్కారాలు.

మీ ఆగస్టు ఉత్తరం చదివి మా డైరెక్టరుగారు ఇలాంటి సంరక్షకులు ఊరికొకరుంటే చాలన్నారు. జనవరి ఉత్తరం చదివి నా బల్ల మీదికి తోసేశారు. నిబంధనల ప్రకారం నేను దాన్ని మాటకు మాట ఇంగ్లీషులోకి మార్చి ఢిల్లీకి పంపాను. అక్కడి నుంచి ప్రశ్నలు వచ్చాయి. బంగారం లాంటి పిల్ల ఇంతలో మామూలు పిల్ల ఎలా అయిందని అడుగుతున్నారు. అమ్మాయికి తిండి సరిగ్గా అందుతోందా అంటున్నారు. ఎముకలు ఎవరివో తక్షణం తెలపాలట.

అమ్మా, ఆ అమ్మాయిలో ఒక్క మంచి గుణం ఉన్నా దయచేసి రాయండి. పై ఏడాది ఉపకారవేతనం మీ మాట మీదే ఆధారపడి ఉంది.

మీ విధేయుడు,
జగన్నాథరావు

తా.క. మా నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నేను నాగపూరులో పెరిగాను. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. స్టాంపు ముట్టింది. దాన్ని ఏ పద్దు కింద జమ కట్టాలో తెలియక అకౌంట్సువాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు.


కాకినాడ,
6 మార్చి 1980.

శ్రీ జగన్నాథరావుగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మీద 30 ఫిబ్రవరి అని ఉంది. అలాంటి రోజు రాదు కనుక మార్చి ఒకటిగా భావించి జవాబు రాస్తున్నాను.

ఎముకలు ఎవరివో ఆ మహానుభావుడికే తెలియాలి. డాక్టరు చదువుకు అవి కూడా పుస్తకాల్లాంటివేనట, పై తరగతి పిల్ల ఇచ్చింది. మొదటి రోజు ఇల్లంతా కడిగించాను. ఇప్పుడు ఫీమరు ఏదో టిబియా ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలను. తిండి గురించి అడిగినవారికి నా మాటగా చెప్పండి. ఆ పిల్ల మా ఇంట్లో పస్తు పడుకున్న రోజు లేదు. పుస్తకం వదలదు కనుక పెరుగన్నం కలిపి ముద్దలు చేసి నేనే చేతిలో పెడుతున్నాను.

ఇక మంచి గుణం రాయమన్నారు. ఎంతమంది చేతులు మారుతుందో తెలియని కాగితం మీద, పైన ప్రభుత్వ ముద్ర కూడా వేసి, అలాంటి మాట నా చేత రాయిస్తారా? మీరు పిల్లలు గలవారో కాదో నాకు తెలియదు. మందమతి అని రాసుకోండి. తాటిచెట్టులా ఎదిగింది, నడక బాగుండదు, గొంతు బాగుండదు అని రాసుకోండి. మొన్న పరీక్షలో క్లాసుకంతటికీ మొదటొచ్చిందట. పేపర్లు సరిగ్గా దిద్ది ఉండరు.

ఇట్లు,
గ్రంధి నాగరత్నం

తా.క. పొరుగింటి సూరమ్మ గోడ మీంచి చూసి “మీ నేమా ఎంత కళగా ఉందండీ” అంది. ఆ సాయంత్రమే పిల్లకు జ్వరం వచ్చి మంచం పట్టింది. ఇది ఢిల్లీకి రాయవద్దు.


మద్రాసు,
18 మార్చి 1980.

గౌరవనీయులైన నాగరత్నంగారికి నమస్కారాలు.

తారీఖు తప్పుకు క్షమించండి. మీ ఉత్తరం ఢిల్లీలో పెద్ద దుమారం లేపింది. పేపర్లు సరిగ్గా దిద్దలేదన్న మీ ఫిర్యాదు మీద కాలేజీకి విచారణ టెలిగ్రాము వెళ్ళింది. వాళ్ళు మళ్ళీ దిద్దించారు. మళ్ళీ ఆ అమ్మాయే మొదటొచ్చింది. దాంతో ఢిల్లీవారి అనుమానం మీ మీదకు మళ్ళింది.

మీకూ ఆ అమ్మాయికీ ఒక్క క్షణం పడదని వారు తేల్చేశారు. అలా అనుకోవడానికి వారి దగ్గర ఇంకో కాగితం కూడా ఉంది. అది రహస్యం, మీకు చెప్పే అధికారం నాకు లేదు. ఏప్రిల్ మొదటి వారంలోగా పరిస్థితి మారకపోతే ఉపకారవేతనం ఆపేసి అమ్మాయిని స్వదేశానికి పంపుతారు. నేను చేయగలిగినదంతా చేశాను.

ఇప్పుడు మీరు స్పష్టంగా ఒక మంచి మాట రాయాలి. అది కుదరకపోతే పొరుగున ఉండే పరువుగల మనిషి రాసినా ఒప్పుకుంటారు. మీ ఉత్తరాన్నిబట్టి సూరమ్మగారికి అమ్మాయి మీద సదభిప్రాయం ఉన్నట్టు కనిపించింది. ఆవిడ చేత రాయించగలరా?

మీ విధేయుడు,
జగన్నాథరావు

తా.క. అమ్మాయి నడక, గొంతు గురించి మీరు రాసినవి కూడా ఢిల్లీకి పంపాను. అవి అర్హతల కిందకు రావని జవాబు వచ్చింది.


కాకినాడ,
25 మార్చి 1980.

శ్రీ జగన్నాథరావుగారికి,

సూరమ్మ చేత మాత్రం వద్దు. సంగతి ఎలా తెలిసిందో, కళ్ళజోడు పెట్టుకుని కలం పట్టుకుని వచ్చి కూర్చుంది. రెండు ఠావులు రాస్తానంది. కాఫీ ఇచ్చి పంపేశాను. మా పెరట్లో పొట్లపాదు బాగా కాసిందని ఆవిడ అన్న వారంలోనే ఆ పాదు ఎండిపోయింది.

మీకు నేరుగా చెబుతున్నాను. మా ఇళ్ళల్లో సొంత పిల్లల్ని పొగడం. పొగిడితే ఆయుక్షీణం అంటారు. పరాయి పిల్లల్ని ఎంత పొగిడినా దోషం లేదు. ఆగస్టులో ఆ పిల్ల పరాయిది.

తెలుగువారు కనుక మీకు ఇది తెలుసుననుకున్నాను. నేను స్కూలు ఫైనలు ప్యాసయినదాన్ని. మాటల వల్ల ఆయుష్షు తగ్గదని నాకూ తెలుసు. కానీ ఆ పిల్ల మీద ప్రయోగం చేసి తేల్చుకునేంత ధైర్యం నాకు లేదు.

మీరేమో వెనక్కి పంపేస్తామంటున్నారు. వాళ్ళ ఊళ్ళో డాక్టరు లేడు. జబ్బు చేసినవాళ్ళను కొండ దింపి పట్నానికి మోసుకుపోవాలట. తన చెల్లెలు ఆ దారిలోనే పోయిందని ఒకసారి చెప్పింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చదువు మధ్యలో ఆగిపోయి ఆ ఊరికి ఏ ముఖంతో వెళ్తుంది? అందుకని ఒక్కసారి రాస్తున్నాను. మళ్ళీ అడగవద్దు.

నేమా మంచి పిల్ల. బుద్ధిమంతురాలు. మాకు పాలుపోసే పాపాయి అనే ఆవిడ బిడ్డకు మూర్ఛ వస్తే తనే భుజాన వేసుకుని ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తింది. బిడ్డ లేచి పాలు తాగేదాకా అక్కడే కూర్చుని, ఆ రోజు రాయవలసిన పరీక్ష వదిలేసింది. నేను కేకలేస్తే, “పరీక్ష మళ్ళీ పెడతారండి మామ్మగారూ” అంది. నా కడుపున పుట్టినవాళ్ళలో కూడా ఇలాంటి మనిషి లేదు. ఇది నిజం. సంతకం పెడుతున్నాను.

ఇంగ్లీషులోకి మార్చడం కాగానే రాళ్ళ ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు గుప్పెట్లో పట్టుకుని ఈ ఉత్తరం చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేయండి. ఉత్తరాన్ని కాదు, మిరపకాయల్ని. ఘాటు వస్తే సరే. రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. మళ్ళీ తిప్పండి.

ఇట్లు,
గ్రంధి నాగరత్నం

తా.క. పిల్లకు ఈ గొడవేదీ తెలియదు. ఢిల్లీలో కూడా ఎవరైనా ఆడవాళ్ళుంటే ఇంగ్లీషు ప్రతికి విడిగా దిష్టి తీయమనండి.


మద్రాసు,
14 ఏప్రిల్ 1980.

పూజ్యులైన నాగరత్నంగారికి జగన్నాథరావు నమస్కారాలు.

ముందు అసలు సంగతి. నేమా కిమారో ఉపకారవేతనం పై ఏడాదికి మంజూరైంది. ఉత్తర్వు రెండు రోజుల్లో మీకు చేరుతుంది.

మీరు చెప్పినదాని ప్రకారం ఆఫీసులో మిరపకాయలు కాల్చడానికి అనుమతి కోరుతూ ఒక నోటు రాశాను. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలని మా గుమాస్తా చిట్టియ్య అడిగాడు. ఏమీ తోచక ఉత్తరం ఇంటికి తీసుకుపోయి మా అమ్మకు ఇచ్చాను. అమ్మ పుట్టిల్లు ద్రాక్షారామం. ఉత్తరం చదివి చాలాసేపు నవ్వి, “ఒరేయ్ దద్దమ్మా, ఈవిడ ఆ పిల్లను ఎప్పుడో సొంతం చేసేసుకుంది. ఆ మాత్రం అర్థం కాలేదూ?” అంది. దిష్టి శాస్త్రోక్తంగా తీసింది. ఘాటుకు కింది వాటావాళ్ళు కూడా దగ్గారు, కాబట్టి మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

మరి నన్ను చిన్నప్పటి నుంచి దద్దమ్మ అంటున్నావెందుకని అమ్మను అడిగాను. “ఇంకేమనమంటావురా?” అని కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నాకిప్పుడు నలభై రెండేళ్ళు. ఈ విషయం ఇంత ఆలస్యంగా తెలిసింది.

ఇక రహస్యం అని రాశానే, ఆ కాగితం సంగతి. చెప్పడం ఉద్యోగ ధర్మం కాదు. అయినా చెబుతున్నాను. సంరక్షకులను విద్యార్థుల గురించి అడిగినట్టే, విద్యార్థులను సంరక్షకుల గురించి కూడా మేము విడిగా అడుగుతాం. ఆగస్టులో నేమా మీ గురించి ఒక పేజీ నిండా రాసింది. ఇంత దయ, ఇంత చదువు గల పెద్దావిడను తన దేశంలో కూడా చూడలేదంది. జనవరిలో వచ్చిన రిపోర్టు వేరు. మామ్మగారు మామూలు మనిషి, ఊరికే కేకలేస్తారు, వంట ఏదో తినగలిగేలా ఉంటుంది, పూజలో పాడే పాటలు వినలేం అని రాసింది. మీ రిపోర్టునూ ఆ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చూసి ఢిల్లీవారు కంగారుపడ్డారు.

ఎందుకిలా రాశావని మొన్న నేనే ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. “మామ్మగారికి ఒంట్లో అసలే బాగుండటం లేదండి. అంతమంది చదివే కాగితం మీద నేను ఎందుకు పొగుడుతానండి?” అని ఉంది.

మీకు ఎప్పుడూ విధేయుడు,
జగన్నాథరావు

తా.క. ఈ నెల ఆమె పంపిన కొత్త రిపోర్టు ఇవాళే వచ్చింది. అంతా ఇంగ్లీషులో ఉంది. సంరక్షకురాలిని మార్చాలా అన్న ఆఖరి ప్రశ్నకు మాత్రం తెలుగులో, కూడబలుక్కుని రాసినట్టున్న అక్షరాలతో, “అక్కర్లేదండి. ఎలాగో సర్దుకుంటాను” అని రాసింది. దాన్ని నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. అలాగే ఢిల్లీకి పంపేశాను.