జడ్జిగారిని నేనే చంపాను

నగర గ్రంథాలయంలోని కృత్రిమ మేధ విభాగం వారికి,

మీరు రాసింది తప్పు. ఈ ఏడాది నేను తీసుకెళ్ళినవి రెండువందల పన్నెండు పుస్తకాలు కావు, రెండువందల పద్నాలుగు. అంత గొప్పగా చెప్పుకుని కొన్న యంత్రం, పుస్తకాలైనా సరిగ్గా లెక్కపెట్టవద్దా?

"ఇన్ని పుస్తకాలు ఒక మనిషి చదవడం అసాధ్యం. పైగా ప్రతి మంగళవారం సరిగ్గా పది గంటలకే తిరిగి ఇవ్వడం మానవ స్వభావానికి విరుద్ధం. కాబట్టి మీరు యంత్రమని అనుమానించి కార్డు నిలిపివేశాం" అన్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పాను. నన్ను రాక్షసి అన్న పిల్లలున్నారు గానీ, యంత్రం అన్నవాళ్ళు లేరు.

నేను చదివేది ఇద్దరి కోసం. మా ఆడపడుచుకి చూపు ఆనదు. రోజూ పైకి చదివి వినిపిస్తాను. నలభై ఏళ్ళుగా మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పడదు. ఎవరో రాసింది నేను చదువుతున్నంతసేపే ఇంట్లో శాంతి. ప్రస్తుతం ఐదు భాగాల నవలలో నాలుగో భాగం చివర్లో ఉన్నాం. ఐదోది అందకపోతే మేమిద్దరం మాట్లాడుకోవలసి వస్తుంది. తరువాత జరిగేదానికి బాధ్యత మీదే.

ఇట్లు,
ఎముకలు, మాంసం, రక్తపోటు అన్నీ ఉన్న
మీ పాఠకురాలు

తా.క.: మీ కొత్త ఆటోమేటిక్ తలుపు నాకు తెరుచుకోలేదు. నా వెనకాలే వచ్చిన వీధికుక్కకి తెరుచుకుంది. దానికి ధన్యవాదాలు చెప్పుకుని లోపలికి వచ్చాను.

*

గౌరవనీయులైన పాఠకురాలికి,

మీ ఆవేదన మాకు పూర్తిగా అర్థమైంది. ఈ ఉత్తరాన్ని మానవ ప్రమేయం లేకుండా కృత్రిమ మేధ తయారు చేసింది.

మీరు మనిషేనని నిరూపించుకోవడానికి సులభమైన మార్గం ఉంది. పుస్తకాలు చదవడంలో మీరు చేసిన ఒక తప్పును వివరంగా రాసి పంపండి. మనుషులు తప్పులు చేస్తారు. మీరు మాత్రం ఇంతవరకూ పేజీ చింపలేదు, మడవలేదు, గడువు దాటించలేదు. ఇది ఆందోళన కలిగించే విషయం.

అలుపెరగని సేవలో,
సమాధాన యంత్రం

తా.క.: పై మూలలో కనిపించే గుండ్రటి మరక టీ కాదు. యంత్రాలు టీ తాగవు.

*

యంత్రంగారికి (ఈ 'గారు' ఎందుకో నాకూ తెలియదు, చెయ్యి అలవాటు),

నేను ఆవేదన పడలేదు, చిరాకు పడ్డాను. రెండూ ఒకటి కావు.

తప్పు కావాలన్నారు. చెబుతున్నాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ నవలలో ఒక జడ్జి ఉన్నాడు. నోరు విప్పితే ఏడు పేజీల ఉపన్యాసం. నొప్పెట్టేది నా గొంతు కదా! మూడో భాగంలో విసుగెత్తి, ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడని చదివేశాను. పుస్తకంలో అలా లేదు. మా ఆడపడుచు ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

ఇప్పుడు నాలుగో భాగంలో ఆ పెద్దమనిషి వీలునామా మీద సంతకం పెడతాడు. కథంతా దాని చుట్టూనే. చూసుకోకుండా చదివేశాను. "వదినా, చచ్చినవాడు సంతకం ఎలా పెట్టాడు?" అంది. దగ్గు వచ్చినట్టు నటించాను. మూడు రోజులుగా దగ్గుతూనే ఉన్నాను. ఇవాళ డాక్టర్ని పిలిపిస్తానంటోంది. ఐదో భాగం చూస్తే తప్ప వాణ్ణి బతికించాలో, సంతకాన్ని ఇంకెవరికైనా అంటగట్టాలో తేల్చుకోలేను. సంగతి బయటపడితే ఇక నేనేం చదివినా ఆవిడ నమ్మదు, వినదు.

ఇట్లు,
దగ్గుతూ,
మీ పాఠకురాలు

తా.క.: నమ్మకపోవడంలో న్యాయం ఉంది. వేరే నవలల్లోనూ ఇద్దరు ముగ్గురు నా చేతిలో పోయారు.

*

గౌరవనీయులైన పాఠకురాలికి,

మీ ఆవేదన మాకు పూర్తిగా అర్థమైంది.

మీ వాంగ్మూలం పరిశీలించాం. లేనిదాన్ని ఉన్నట్టు తడబడకుండా చెప్పడం, గట్టిగా అడిగితే మాట దాటేయడం కృత్రిమ మేధకున్న ముఖ్య లక్షణాలు. కావున మీ పేరును 'అనుమానం' జాబితా నుంచి 'నిర్ధారణ' జాబితాకు మార్చడమైనది. అభినందనలు.

సమాధాన యంత్రం

తా.క.: అమ్మా, ఇది చదివి చింపేయండి. రిబ్బను కత్తిరించిన మూడోరోజే యంత్రం ఆగిపోయింది. అప్పటికే డైరెక్టరుగారు అద్భుతంగా పనిచేస్తోందని పైకి రాసేశారు. అందుకని తెర వెనక కూర్చుని అది రాసినట్టు నేనే రాస్తున్నాను. ఇన్నేళ్ళూ కౌంటరులో మీ పుస్తకాల మీద ముద్ర వేసింది నేనే. వారానికి ఐదు దొంగ కార్డులు పట్టుకోవాలని ఆర్డరు. ఆ వారం నాలుగే దొరికాయి, ఐదోదానికి మీరు గుర్తొచ్చారు. ఇప్పుడు మిమ్మల్ని వదిలితే యంత్రం పొరబడిందని తేలుతుంది, తెర తీసి చూస్తారు, నా ఉద్యోగం ఊడుతుంది. ఏం చెయ్యాలో తోచడంలేదు. అన్నట్టు, ఆ సంతకం సంగతి ఏమైంది?

*

తెర వెనక పెద్దమనిషికి,

మనిషని ముందే చెప్పి ఉంటే ఇంకాస్త ఘాటుగా తిట్టేదాన్ని. యంత్రానికి ఏం తగులుతుందిలే అని తగ్గించి రాశాను.

మీ ఉత్తరం వచ్చినప్పుడు మా ఆడపడుచు పక్కనే ఉంది. "ఎవరు రాశారు? చదువు" అంది. మార్చి చదవబోయాను. మీ కష్టం దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చదివి, జడ్జిగారిని నేనే చంపానని ఒప్పేసుకున్నాను.

"తెలుసు వదినా" అంది తాపీగా. "ఆ నవల నా పెళ్ళి కాకముందే రెండుసార్లు చదివాను. చివరి పేజీదాకా వాడు చావడు, వాగుతూనే ఉంటాడు. నువ్వు చంపాకే కథ దారిలో పడింది."

"మరి ఆ పూట కాఫీ మానేశావేం?"

"అది నువ్వు పెట్టిన కాఫీ."

ఐదో భాగం తెప్పించవద్దట. సొంతంగా నన్నే చెప్పమంది. నలభై ఏళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఏ ముఖం పెట్టాలో తెలియక కిటికీ మూశాను.

కాబట్టి నన్ను యంత్రంగానే ఉంచండి. కానీ ఈ కథ అయ్యాక వేరే పుస్తకాలు కావాలి. కార్డు మా ఆడపడుచు పేరున ఇవ్వండి. ఆవిడ ఏ పనీ చెప్పిన వేళకి చెయ్యదు, ఎవరి మాటా వినదు, అన్నీ తెలిసీ తెలియనట్టుంటుంది. మనిషి అనడానికి ఇంకేం రుజువు కావాలి? సంతకం సంగతి నాకింకా తెగలేదు. మంగళవారం సాయంత్రం రండి, ముగ్గురం కూర్చుని తేలుద్దాం.

ఇట్లు,
మీరు నిర్ధారించిన యంత్రం

తా.క.: వచ్చేటప్పుడు మా వీధి మొదట్లో గడియారాల దుకాణంలో ఆగండి. నా అలారం గడియారం బాగుకు ఇచ్చాను, రసీదు ఇందులో పెట్టాను. బ్రహ్మాండంగా నడుస్తోందని దుకాణదారు అంటాడు. ఐదు నిమిషాలు అక్కడే నిలబడి, ముల్లు కదిలిందని మీ కళ్ళతో చూశాకే పట్టుకురండి.