నీ తరఫున లండన్‌లో పోట్లాడాను

నూర్జహాన్,

నువ్వు చెప్పింది తప్పు. ఆ నవలలో పిల్ల బతకలేదు.

మనవరాలు చదువుకుంటున్న లండన్‌కు వచ్చాను. విక్టోరియా రాణి కాలం నాటి నీ అభిమాన రచయిత తిరిగిన వీధులన్నీ నడిపించి చూపిస్తారంటే వెళ్లాను. గొడుగు పైకెత్తుకుని నడిచే గైడు వెనుక అంగన్‌వాడీ పిల్లల్లా వరుసకట్టాం. ఒక పాత ఇంటి ముందు ఆగి, ఆ పిల్ల చావును ఇక్కడే రాశాడన్నాడు. నేనూరుకుంటానా? మా ఊరి ఇంగ్లీషు టీచరు నీకన్నా బాగా చదివింది, పిల్ల బతికింది అని అందరి ముందూ ఇంగ్లీషులోనే కడిగేశాను.

మనవరాలు ఫోనులో ఆ అధ్యాయం తీసి చూపించింది. "అవ్వా, అది చచ్చిపోయింది. ఇంగ ఊరుకో" అంది. పైగా గైడే నాకు క్షమాపణ చెప్పాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మనిద్దరం పాఠాలు చెప్పే కంభం బడికి మార్కాపురం నుంచి బస్సులో పోతూ ఆ కథ రోజుకింత చెప్పేదానివి. నా పాప పోయాక నేను మళ్లీ బడికొచ్చిన వారంలోనే ముగించావు. "బతికిందిలే అక్కా. రాసినాయన దానికి పెళ్లి గూడా చేసినాడు" అన్నావు. నా పాప గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. రాతి మనిషివని, నువ్వు పోయాక నీ కోడలితో కూడా అన్నాను.

ఆ పుస్తకం మీ ఇంట్లోనే ఉంది. చదవాలి. వెళ్లి అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు. నువ్వే నీ కోడలి కలలోకి పోయి, దాన్ని అట్ట ఊడకుండా దించి, దుమ్ము తుడిచి పెట్టమని చెప్పు.