పసుపు కలిసిన నీళ్ళు

మార్చి 9, సోమవారం
బోరు మళ్ళీ గాలే కక్కింది. టమోటా తోట తల వాల్చింది. ఇది పోతే ఈ ఏడు మాకు ఇంకేమీ లేదు. దీపం పెట్టి కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

మార్చి 11, బుధవారం
తమ్ముడు రమేశ బెంగళూరు నుంచి వచ్చాడు. ల్యాబులో వాడి పని షేల్ అనే రాయి మీద. గ్యాసు దాచుకునే రాయి. అన్నం తింటూ చెప్పాడు — “గ్యాసు ఉండాదక్కా, బయటికి దోవే లేదు. సందులు కంటికి కనపడవు. నీళ్ళు గట్టిగా తోస్తే రాయి చీలుతాది. ఆ చీలిక మూసుకోకుండా ఇసుక పంపిస్తారు.”
“తోసిన నీళ్ళు మళ్ళీ వస్తాయా?”
“శానా మటుకు రావు. రాయే తాగేస్తాది.”
మజ్జిగ పోశాను. తాగి ఎక్కడ పెట్టుకుంటుందో...
మా ఊరు పరగోడులో రాయి వేరంట. తాగదు. నీళ్ళన్నీ పగుళ్ళలోనే. నీళ్ళు తోసి పగులు తెరిస్తే బోరు బతకొచ్చంట. నీళ్ళు తోసే బండి పిలిపిస్తానన్నాడు.

మార్చి 13, శుక్రవారం
బండి వచ్చింది. మోటరు పైకి తీశారు. గంగమ్మకు పూజ. ట్యాంకరు నీళ్ళలో చిటికెడు పసుపు వేయబోతే చెయ్యి జారింది — డబ్బా మొత్తం లోపలికి. ఉగాదికని మరలో ఆడించిన పసుపు.
రమేశ ఒకటే నవ్వు. “ల్యాబులో మేము రంగు కలిపి నీళ్ళు యాడికి పోతాండాయో చూస్తాం. నువ్వు పసుపే కలిపేస్తివి.”
ఆ నీళ్ళే బోరులోకి తోశారు. ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఎక్కి ఎక్కి, ఒక్కసారిగా పడిపోయింది. “చీలిందక్కా.”
చేతులు జోడించాను. వాడు సాయంత్రం బస్సుకు వెళ్ళాడు.

మార్చి 14, శనివారం
పక్క తోట నారాయణమ్మ గట్టు దాటి వచ్చింది, చెంబుతో. మొగుడు పోయినాక పట్టుపురుగులే ఆమెకు ఆధారం. వాటి మేత, ఆ మల్బరీ ఆకు, తన బోరు మీదే.
“చూడక్కా, మా బోర్లో పసుపు నీళ్ళు వస్తాండాయి. వాసన చూడు. గంగమ్మే వచ్చినాది.”
చూశాను. మా పసుపే.
“పూజ నువ్వు చేస్తివి, తల్లి మా ఇంటికొచ్చె. నీకంటే నా మీదే ప్రేమ ఎక్కువ” అని నవ్వింది. నేనూ నవ్వాను.
రమేశకు ఫోను. పసుపు నీళ్ళ సంగతి చెప్పాను.
“అయితే పగులు వాళ్ళ బోరుకు కలిసినట్టుండాది. మనది లోతెక్కువ. మనం మోటరు వేస్తే...”
“వేస్తే?”
“వాళ్ళది నిలిచిపోవచ్చు. పోకపోవచ్చు. రాయి లోపల ఎవరు చూసినారక్కా?”

మార్చి 15, ఆదివారం. ఏకాదశి
ఉపవాసం. మాటకు కూడా.

మార్చి 16, సోమవారం
మోటరు దించారు. కరెంటు ఉంది.
“వేసేదా అమ్మా?” — మేస్త్రీ.
“ఇప్పుడొద్దప్పా.”
వింతగా చూశాడు.

మార్చి 17, మంగళవారం
నారాయణమ్మ తన బోరు దగ్గర పూజ పెట్టుకుంది. హారతి నన్నే ఇమ్మంది. “నీ చెయ్యి మంచిదక్కా.” పురుగులు గూళ్ళు కట్టే ముందు ఎక్కువ మేస్తాయంట, ఈ వారమంతా ఆకు కావాలంట. తీర్థం పోసింది. పసుపు రంగు పోయింది, వాసన ఇంకా ఉంది. కళ్ళకద్దుకుని తాగాను.
మా తోటకు వచ్చాను. ఆకులు ముడుచుకున్నాయి. రేపటిదాకా ఆగవు. స్టార్టరు పెట్టె తెరిచాను... మూసేశాను. ముందు ఆమెకు చెప్పాలి.
గట్టు మీద నిలబడి పిలిచాను — “నారాయణమ్మా.”
ఆమె తొట్టిలో నీళ్ళు పడే మోత. వినపడలేదు.