నీళ్లు తగ్గిన పూట

అన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. పెన్న మళ్లీ పొంగింది. వంతెనకని కొలతలు తీసుకుపోయిన ఓవర్సీయరు తిరిగి రాలేదు, ఏరు సముద్రంలో కలిసే ఈ ఊరికి ఇంకా మన పడవే దిక్కు.

పొద్దున కూతురి కాన్పుకు బయల్దేరిన మరియమ్మ రేవుకొచ్చింది. నీటి అంచున నేను గుచ్చిన పుల్ల బెత్తెడు బయటపడి ఉంది.

"నీళ్లు తగ్గినాయి గదా అబ్బయా, పడవ తియ్యి. బిడ్డకు నొప్పులు మొదలైనాయంట."

"వరద తగ్గలేదక్కా, ఆటుకు సముద్రం లాగతా ఉండాది. ఇప్పుడు దిగితే వరదతో పాటు మనల్నీ లాక్కపోద్ది. పోటు రానీ."

ఆమె నన్ను తిడుతూ ఒడ్డునే కూర్చుంది. మధ్యాహ్నం పోటు వచ్చి పుల్ల మునిగింది, ఏటి పరుగు నెమ్మదించింది. అప్పుడు దాటించాను.

నిరుడూ పుల్ల ఇలాగే బయటపడింది. పడవలో తెడ్డు పట్టుకుని "ఎట్టుందిరా?" అని అడిగావు. నేను ఏటి పరుగు చూడలేదు, పుల్లనే చూశాను. "తగ్గింది, పో అన్నా" అన్నాను. నా మాట నమ్మి తెడ్డు వేశావు. నడి ఏట్లో పడవ తిరగబడింది.

అవతల దిగుతూ మరియమ్మ అడిగింది: "ఇదంతా నీకెవురు నేర్పినారు అబ్బయా?"

"మా అన్న" అన్నాను. ఎప్పుడు నేర్పావని ఆమె అడగలేదు.