తలుపుకి ఇటువైపు

ఆగస్టు 14, బుధవారం

నిన్న స్కూలు బోర్డు ఓటేసింది. ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఇకనుంచి మా స్కూల్లో టీచర్లు తుపాకీ పెట్టుకోవచ్చు.

మీటింగు జరిగిన స్కూలు జిమ్ నిండా జనం. ఈ ఏడు నా క్లాసులో చేరే మార్నీ వాళ్లమ్మ టెస్ లేచి, చాక్‌పీసు పట్టుకునే చేతికి తుపాకీ ఏంటండీ, మీకేమైనా మతి పోయిందా అంది. వెనక బెంచీలోంచి ఒక ముసలాయన, ఎవడైనా తుపాకీతో స్కూల్లో జొరబడితే షెరీఫ్ పోలీసులు ఈ కొండలెక్కి వచ్చేసరికి ఇరవై ఆరు నిమిషాలు పడుతుంది, అంతసేపూ వాడికి కథ చెబుతారా అమ్మా అన్నాడు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది, అదే నా ఖర్మ.

ఇవాళ ప్రిన్సిపాల్ స్ట్రౌడ్ గదిలోకి పిలిచి, వెల్డా, నువ్వు పుట్టి పెరిగింది వేటగాళ్ల ఇంట్లో, నీ చెయ్యి వణకదు, ఒకటో తరగతిలో నువ్వు తుపాకీ పెట్టుకుంటే మాకు ధైర్యం అన్నాడు. రేపు చెబుతానన్నాను. అప్పుడే ఒప్పేసుకున్నాననుకున్నట్టున్నాడు.

ఆగస్టు 15

సరేనన్నాను. ఎవరికీ చెప్పకూడదట, మొగుడికి కూడా. లేలండ్‌కి చెప్పేశాను.

ఆగస్టు 24, శనివారం

ట్రైనింగ్ అయిపోయింది. మొత్తం ఇరవై నాలుగు గంటలు. అందరికంటే నాకే ఎక్కువ మార్కులు. ట్రైనర్ కుర్రాడు, అమ్మో మేడమ్, మీ క్లాసులో అల్లరి చేసేవాడెవడు అని మేలమాడాడు.

గురికి పెట్టిన కాగితం బొమ్మకి ముఖం లేదు. అదే నన్ను చంపుతోంది. ఈ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా ఒకటో తరగతి నాదే. ఆరేళ్ల పిల్లల నుంచి ఇరవై ఎనిమిదేళ్ల వాళ్ల దాకా, ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ షూ లేసు కట్టుకోవడం నేర్పింది నేనే. నా తలుపు తోసుకుని వచ్చేవాడు ఎవడైనా సరే, వాడికి ముఖం ఉంటుంది. ఆ ముఖం నాకు తెలిసే ఉంటుంది.

భయంగా ఉంది. తుపాకీ అంటే కాదు, నేనంటే.

ఆగస్టు 30

ఆరేళ్ల పిల్లలు వాటేసుకుంటే నడుం దాకానే అందుతారు. ఈ సంగతి బోర్డులో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున్నే మార్నీ పరిగెత్తుకొచ్చి చుట్టేసింది. దాని చెంప నా నడుం కుడివైపు, చొక్కా కింద దాచినదానికి తగిలింది. ఏంటి టీచర్ ఇక్కడ గట్టిగా ఉంది అని అడిగింది. ఫోనమ్మా అన్నాను. మీ ఫోన్ బల్లమీదుంది కదా అంది. దానికి అన్నీ కావాలి.

ఇకనుంచి అరచేతులు కొట్టుకోవడమే, వాటేసుకోవడాలు లేవు అని క్లాసుకి చెప్పాను. పద్దెనిమిది ముఖాలూ ఒక్కసారిగా వాడిపోయాయి. ఇంటికొచ్చి ఏడ్చాను.

సెప్టెంబర్ 19, గురువారం

లాక్‌డౌన్ డ్రిల్, తుపాకీతో ఎవడైనా వస్తే దాక్కునే అభ్యాసం. తాళం వేయాలి, తలుపు అద్దానికి నల్ల కాగితం అతికించాలి, లైట్లు ఆర్పి పిల్లల్ని మూలకి చేర్చాలి. తలో లాలీపాప్ ఇస్తాను. నోట్లో లాలీపాప్ ఉన్నంతసేపూ గొంతు రాకూడదు. ఆ ఉపాయం నాదే, ఇప్పుడు స్కూలంతా అదే చేస్తున్నారు.

ఒక్కటే రూలు. తాళం పడ్డాక ఎవరు తట్టినా తియ్యకూడదు. ఏడ్చినా, బతిమాలినా, పేరు చెప్పినా సరే. షెరీఫే తాళంచెవితో తీస్తాడు.

మార్నీ అందరికంటే బాగా చేసింది. ఊపిరి చప్పుడైనా వినిపించలేదు. దాన్ని చూసి నేర్చుకోండి అన్నాను మిగతావాళ్లతో.

నవంబర్ 18, సోమవారం

రైలన్ మెక్‌వేని రెండు వారాలు సస్పెండ్ చేశారు. పదిహేడేళ్ల కుర్రాడు. మాది చిన్నా పెద్దా అందరికీ ఒకటే బిల్డింగు కాబట్టి, రోజూ నా గుమ్మం ముందునుంచే వెళ్తాడు. లాకర్ తలుపు గుద్ది సొట్ట పెట్టి, మీకందరికీ ఒకరోజు తెలుస్తుంది అని అరిచాడట. స్ట్రౌడ్ నా దగ్గరకొచ్చి, వాడిమీద కాస్త కన్నేసి ఉంచు వెల్డా అని గొంతు తగ్గించి చెప్పాడు.

ఒకటో తరగతిలో మేం పొదిగించిన కోడిపిల్ల చచ్చిపోతే మూడు రోజులు అన్నం ముట్టని పిల్లాడు వీడు.

ఆ కాగితం బొమ్మకి ముఖం వచ్చేసింది.

డిసెంబర్ 2

జింకల వేట మొదలయ్యే సోమవారం. ఎప్పటిలాగే స్కూలుకి సెలవు. లేలండ్ తెల్లవారకముందే అడవికి వెళ్లాడు. ఉత్త చేతులతో వచ్చి, జింకలన్నీ మీ ఖాళీ స్కూల్లో దాక్కున్నట్టున్నాయే అన్నాడు.

డిసెంబర్ 3, మంగళవారం, సాయంత్రం 4

 రాస్తేగానీ ఊపిరాడేలా లేదు.

పదింపావుకి మైకులో లాక్‌డౌన్ అన్నారు. డ్రిల్ కాదు, డ్రిల్ కాదు అని రెండుసార్లు. తాళం వేశాను, కాగితం అతికించాను, లైట్లు ఆర్పాను. తలలు లెక్కపెడితే పదిహేడు. మళ్లీ లెక్కపెట్టినా పదిహేడే. బాత్రూముకి వెళ్లేవాళ్లు పట్టుకెళ్లే చెక్క బాతు మేకుకి లేదు. మార్నీ బయటుంది.

 తలుపు తియ్యాలా? లోపల పదిహేడు మంది, బయట ఒక్కతి. ఇరవై రెండేళ్లుగా కూడికలు నేర్పుతున్న నాకు ఆ లెక్క తెగలేదు. నిలబడిపోయాను.

అడుగులు వినిపించాయి, బరువుగా, పెద్దవాళ్లవి. తలుపు పిడి తిరిగింది. టీచర్, నేను, రైలన్ని, తలుపు తియ్యండి అని గుసగుసగా ఒక గొంతు. ఇవాళే వాడు స్కూలుకి తిరిగొచ్చిన రోజు.

తుపాకీ తీశాను. తలుపుకి గురిపెట్టాను, వాడి గుండె ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ. చెయ్యి వణకలేదు. స్ట్రౌడ్ మాట నిజం. ప్లీజ్ టీచర్ అన్నాడు. నా వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లింది. వెనక పదిహేడు లాలీపాప్‌ల చప్పుడు. పిడి ఇంకోసారి తిరిగితే కాల్చేద్దామనుకున్నాను. అనుకోవడం కాదు, నిశ్చయించుకున్నాను.

తిరగలేదు. అడుగులు వెళ్లిపోయాయి.

అదే రోజు, 7 గంటలకి

జరిగింది ఇది. ఎవరో ముసలి వేటగాడు దెబ్బతిన్న జింక వెంటపడి, నెత్తుటి జాడ పట్టుకుని, చేతిలో తుపాకీతో మా ఆటస్థలం అడ్డంగా దాటాడు. ఒంటిమీద వేటగాళ్లు వేసుకునే నారింజరంగు చొక్కా కూడా ఉంది. నా చిన్నప్పుడైతే పిల్లలు కిటికీలోంచి చెయ్యి ఊపేవాళ్లు. ఇప్పుడెవరూ రెండోసారి చూడరు, ముందు మైకు పట్టుకుంటారు.

రైలన్ ఆలస్యంగా వస్తూ, నడవలో చెక్క బాతు పట్టుకుని నిలబడిపోయిన మార్నీని చూశాడు. ఎత్తుకుని నా తలుపు దగ్గరకి తెచ్చాడు. నడవలో ఎవడైనా వింటాడని దాని పేరెత్తలేదట. నేను తియ్యకపోయేసరికి చీపుర్ల గదిలోకి తీసుకెళ్లి, షెరీఫ్ వచ్చేదాకా గుండెలకి హత్తుకుని కూర్చున్నాడు.

నా తలుపు దగ్గర మార్నీ ఒక్క మాటైనా అనలేదట. టీచర్, నేనే అని ఒక్కసారి పిలిస్తే తెలిసేది నాకు. పిలవలేదు. నేను నేర్పినట్టే చేసింది.

వాడి గుండెకి గురిపెట్టాను. వాడి గుండెమీద మార్నీ ఉంది.

డిసెంబర్ 5, గురువారం

టెస్ ఇంట్లో కాల్చిన యాపిల్ పై తెచ్చింది. ఆగస్టులో నోటికొచ్చినట్టు మాట్లాడాను, ఏమీ అనుకోకండి, మీ దగ్గర ఆ వస్తువుందని తెలిశాకే కంటిమీద కునుకు పడుతోంది అంది. ఎవరు చెప్పారు అని అడిగాను. చెప్పేదేముంది, మీరు పిల్లల్ని దగ్గరకి తీసుకోవడం మానేసినప్పుడే ఊరందరికీ తెలిసిపోయింది అంది. స్ట్రౌడ్ అయితే రూలంటే నీదే రూలు అని మెచ్చుకున్నాడు. మొన్న తలుపుకి గురిపెట్టిన సంగతి ఎవరికీ చెప్పలేదు. లేలండ్‌కి కూడా.

మధ్యాహ్నం రైలన్ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే, తియ్యకపోవడమే కరెక్ట్ టీచర్, మీరే కదా నేర్పారు అన్నాడు. మరి నా దగ్గరకే ఎందుకు తెచ్చావురా అన్నాను. మీ దగ్గర తుపాకీ ఉందిగా, బిల్డింగు మొత్తంలో అన్నిటికంటే భద్రమైన తలుపు మీదే అనుకున్నా అన్నాడు.

థాంక్స్ కూడా చెప్పాడు. ఆ యాపిల్ పైలో సగం వాడికిచ్చి పంపాను. చెప్పాల్సింది చెప్పలేకపోయాను.

డిసెంబర్ 9, సోమవారం

తుపాకీ తిరిగిచ్చేశాను. ఎందుకని అడిగితే నడుంనొప్పి అన్నాను.

డిసెంబర్ 10

ఇవాళ్టినుంచి వాటేసుకోవచ్చు అన్నాను. మార్నీ వచ్చి నడుం చుట్టేసింది. కుడివైపు చేత్తో తడిమి చూసింది. అదేదీ అంది. లేదమ్మా అన్నాను. ఈసారి నేను బయటుంటే తలుపు తీస్తారా అని అడిగింది.

తీస్తానన్నాను. లాలీపాప్ ఇచ్చాను. విప్పలేదు. మళ్లీ ఆ రోజు వస్తే కావాలి కదా అని జేబులో పెట్టుకుంది.