నీళ్ళలో మొహం

బ్రాక్‌లీ పొలం, సఫోక్

అమ్మా, నేనూ మా ఆయన వాల్టరూ క్షేమం. సోమవారం కోతలవాళ్ళు దిగుతారు. వాళ్ళకి బీరు కాచే పని అత్తగారు నా నెత్తిన పెట్టారు.

నువ్వు చెప్పినట్టే మరిగిన నీళ్ళు తొట్టిలో పోసి, ఆవిరి పోయి నా మొహం కనిపించాక మొలకబార్లీ నూక కలుపుదామని కూర్చున్నాను. ఈ కొట్టుగదికి కిటికీ లేదు, చీకటి. మొహం కనబడేసరికి నీళ్ళు చల్లారాయి, నూకలోంచి తీపి దిగలేదు. "అద్దం తెచ్చివ్వనా?" అని వాల్టర్ ఎకసెక్కం. అత్తగారు ఫారెన్‌హీట్ థర్మామీటర్ చేతికిచ్చి "నూటయాభై డిగ్రీలు" అన్నారు. సరిగ్గా అంత వేడినీళ్ళలో కలిపితే, నూక చల్లదనానికి వేడి పడిపోయింది. నూటయాభై నీళ్ళకా, కలిపాకా అని అడిగితే "నూటయాభై అంటే నూటయాభయ్యే!" అని కసిరారు.

నీకు మొహం కనబడేటప్పుడు నీళ్ళు వేలికి ఎంత కాలతాయి? నువ్వు పెట్టకు, నాన్నచేత పెట్టించు. బీరుకి చేదెక్కించే హాప్ పూలు కాసిని పంపు. చెల్లి డోర్కస్ దగ్గు తగ్గిందా? నాన్నకి ముద్దులు.

ఇప్పుడే మళ్ళీ నీళ్ళు మరిగించి తొట్టిలో పోసి, దీపం పట్టి చూశాను. మొహం కనబడింది గాని, అచ్చం నీ మొహమే. అదీ లెక్కేనా? నీ జవాబొచ్చేలోగా చల్లారిపోతాయి, నూక పోసేస్తున్నాను.

నీ ఈడా