మల్లెదండ కట్టాక తొక్కే బ్రేకు

నాన్నా,

ఇవాళ నీ తద్దినం. నీ కారు తమ్ముడే నడుపుతున్నాడు. బ్రేకు ఆయిల్ మార్చాలని నిన్న సర్వీసింగులో కారు డీలరు చెబితే, "నాన్న ఏనాడైనా మార్చినాడేటి? ఊరికే బయపెడతారక్కా ఆళ్ళు" అని నవ్వేశాడు.

రోజూ అద్దానికి మల్లెదండ కట్టాక, నువ్వు బ్రేకు రెండుమూడుసార్లు తొక్కి బయల్దేరేవాడివి. అదీ నీ పూజే అనుకున్నాం. నీ పేరున అన్నం పెట్టించడానికి పొద్దున్న అమ్మను గుడికి తీసుకెళ్తూ, తమ్ముడు దండ కట్టాడు. బ్రేకు తొక్కలేదు. "అది నాన్న మొక్కక్కా, నాకెందుకు?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక డీలరుకు ఫోన్ చేసి అడిగాను. ఆ పాత ఆయిల్‌తో అలా తొక్కితేనే పెడల్ కాస్త గట్టిపడుతుందట, లేకపోతే బ్రేకు పడకుండా అడుక్కి దిగిపోతుందట.

బయట కుండపోత వాన. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడి ఫోన్ ఇక్కడే, నీ పటం ముందు మోగుతోంది.